సూరత్ నుంచి హైదరాబాద్‌కు: విమానానిది గంటన్నరే

రెండు వేల ఇరవై నాలుగో సంవత్సరం. బతుకమ్మ వెళ్లిపోయి, దీపావళి ఇంకా రాని రోజులు. సూరత్‌లో ఆ నడిమి కాలంలో సాంచాలు ఆగవు. మరమగ్గాన్ని సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడికి పనికి వచ్చిన మా వాళ్లు సాంచ అంటారు. దీపావళికి ముందే బట్ట బజారుకు చేరాలి కనుక సేఠ్‌లు సెలవు ఇవ్వరు, పనివాళ్లు అడగరు. అందుకే ఆ పదిహేను, ఇరవై రోజులు నా టికెట్ దుకాణంలో గిరాకీ ఉండదు. దీపావళి దాటిన మరునాడు మాత్రం ఊపిరాడదు. అందరూ ఒక్కసారే ఊరి దారి పడతారు.

మా దుకాణం సూరత్ శివారు భేస్తాన్‌లో ఉంది. దుకాణమని పేరే గానీ ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్, ఒక ఫ్యాను. గిరాకీ లేనప్పుడు ఫ్యాను ఆపేస్తాను. మా ఆయన సాంచాల మీద పనిచేసి చెవులు పోగొట్టుకున్నాక, ఇంట్లో కూర్చుంటే పొయ్యి ఎలా వెలుగుతుందని ఈ దుకాణం నేనే పెట్టాను. మొదట సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సులకే టికెట్లు. తరువాత రైలు. మా కోడలు రజిత వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక విమానం టికెట్లు కూడా మొదలయ్యాయి. నేను చదివింది మూడో తరగతి. విమానం ఇంతవరకు ఎక్కలేదు. అవసరం పడలేదు, ఊరికే ఎక్కేంత సోకూ లేదు.

విమానం టికెట్ కోసం వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది మొదట అడిగేది ఒకటే: "హైదరాబాద్ ఎంత సేపవ్వా?" ఇప్పుడైతే అడగనక్కర కూడా లేదు, ఫోన్ చెబుతుంది. సూరత్ నుంచి హైదరాబాద్‌కు ఏడు వందల చిల్లర కిలోమీటర్లని, గంటన్నర, గంటా నలభై నిమిషాలని చూపిస్తుంది. ఆ లెక్క తప్పు కాదు. కానీ అది ఎవరి లెక్కో తెలుసుకోవాలి.

ఆ కిలోమీటర్లను మా పనిలో ఎయిర్ డిస్టెన్స్ అంటారు. అంటే ఈ విమానాశ్రయం మీద ఒక మేకు, ఆ విమానాశ్రయం మీద ఒక మేకు కొట్టి నడుమ దారం బిగించి లాగితే ఎంత పొడవు వస్తుందో అంత. బస్సు దారి దీనికంటే చాలా ఎక్కువ, ధూలే మీదుగానో నాసిక్ మీదుగానో తిరిగి తిరిగి పోవాలి కదా. విమానం కూడా దారం మీద చీమలాగా పోదట. గాలిని బట్టి ఒక్కోసారి సముద్రం వైపు లేచి మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఇక టికెట్ మీద ఉండే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం ఇక్కడ చక్రం కదిపినప్పటి నుంచి అక్కడ చక్రం ఆపేదాకా. అంతే. ఆ చక్రం దాకా మనిషి ఎలా వచ్చాడు, చక్రం ఆగాక ఎక్కడికి పోవాలి అన్నది టికెట్‌కు అక్కర లేదు. ఇంతకాలం టికెట్లు అమ్మినా ఈ మాట బరువెంతో నాకు రాజేశం వచ్చిన రోజే తెలిసింది.

రాజేశం మాకు దగ్గరే బమ్రోలిలో ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ రోజు పొద్దున ఇంకా తొమ్మిది కూడా కాలేదు. నేను బల్ల తుడుస్తున్నాను. రాత్రి పాళీ దిగి అట్నుంచి అటే వచ్చినట్టున్నాడు, జుట్టంతా దూది నూగు.

"అవ్వా, హైదరాబాద్‌కు ఇమానం టికెట్ గావాలె."

"ఎప్పటికి?"

"ఇప్పటికే. జర జల్ది." అని బల్ల అంచు పట్టుకున్నాడు. "మా అక్క పోయిందవ్వా. తెల్లారంగ పోయిందట."

రజితను కంప్యూటర్ తెరవమని చెప్పి, అతనికి నీళ్లిచ్చాను. అక్క పేరు సుగుణ. సిరిసిల్ల దాటాక లోపలికి ఉన్న ఒక పల్లెలో ఇచ్చారు. తల్లీతండ్రీ ఎప్పుడో పోయారు. అన్నదమ్ములు ఇంకెవరూ లేరు. తల్లి పోయినప్పుడు రాజేశం చిన్నవాడు, ఆ అక్కే అన్నం పెట్టి పెంచింది.

మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లయిన ఆడమనిషి చనిపోతే ఆమె మీద చివరగా కప్పే చీర తల్లిగారింటి నుంచే రావాలి. అత్తగారింట్లో పెట్టెల నిండా పట్టుచీరలున్నా సరే, అది మాత్రం పుట్టిల్లే తేవాలి. ఎప్పటికీ ఆ ఇంటి బిడ్డేనని దాని అర్థం. రాజేశం అక్కకు పుట్టిల్లంటే బమ్రోలిలో ఒక్క గది, అందులో ఈ తమ్ముడు. చీర ఇతను పట్టుకుపోతేనే ఉంది, లేకపోతే లేదు.

"కూసో ముందు," అన్నాను.

"కూసునేటట్టు లేదవ్వా. పన్నెండు కొట్టేసరికి వాకిట్ల ఉంటనని ఫోన్ల జెప్పిన."

నా చేతిలో తుడుపు గుడ్డ ఆగిపోయింది. "ఎవలకు జెప్పినవ్?"

"నర్సయ్య బావకు." నర్సయ్య అంటే రాజేశం బావకు అన్న. ఆ ఇంటికి పెద్ద, ఏది జరగాలన్నా ఆయన నోటి మీదే జరగాలి.

"పన్నెండుకని నీకెవలు జెప్పిండ్రు?"

"ఫోన్ల సూపిచ్చింది గదా. గంటన్నరే. అటిటు గంట ఎక్కువేసుకొనే జెప్పిన."

రజిత నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆ రోజు సూరత్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా పోయే విమానం మధ్యాహ్నం మూడింటికి ఒకటే ఉంది, దాంట్లోనూ ఒకటో రెండో సీట్లు. బొంబాయి పోతే విమానాలు చాలా ఉంటాయి కానీ ఇక్కడి నుంచి బొంబాయి రైలు, అక్కడి స్టేషన్ నుంచి విమానాశ్రయం దాకా ఆ ట్రాఫిక్, మళ్లీ రెండు గంటల ముందు లోపల ఉండాలి. అట్లా తిరిగి పోయినా చీకటి పడ్డాకే. బస్సైతే మరునాటి మధ్యాహ్నం. ఎట్లా చూసినా పన్నెండు గంటలన్నది జరిగే పని కాదు.

"మూడింటి దానికి చెయ్యి," అని కోడలికి చెప్పాను. సీటు ఖాయమైంది. తరువాత రాజేశంతో అన్నాను: "ఇప్పుడు ఊరికి ఫోన్ జెయ్యి. నువ్వు జెప్పిన మాట తప్పని జెప్పు."

"ఎట్ల జెప్పాలె అవ్వా? ఆయన ఊకుంటడా? మా మేనకోడలి పెండ్లికి గిట్లనే అయ్యింది." ఆ సంగతి అప్పుడు చెప్పాడు. మేనకోడలి పెళ్లిలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి ఎత్తుకుపోవాలి. తెల్లారేసరికి ఊళ్లో ఉంటానని మాటిచ్చి బస్సెక్కాడు. ధూలే దగ్గర బస్సు ఆగిపోయింది. దారి పొడుగునా 'వస్తున్నా, వస్తున్నా' అని చెబుతూ పోయాడు. ముహూర్తం దాటుతుంటే అక్కకు వరుసకు తమ్ముడయ్యే పాలివాళ్ల పిల్లవాడు గంప ఎత్తాడు. ఇతను చేరేసరికి భోజనాల ఆకులు ఎత్తేస్తున్నారు.

"గందుకే జెయ్యి," అన్నాను. "నేను జెప్తే అది టికెట్లమ్మేదాని మాట. తమ్ముని మాట నీదే."

స్పీకర్ పెట్టి చేశాడు. అటు పక్క ఆడవాళ్ల ఏడుపు వినపడుతోంది. నర్సయ్య గొంతు పెద్దది.

"ఏంది రాజేశం, ఇమానం ఎక్కినవా?"

"ఎక్కుత బావా... టికెట్ దీస్తున్న."

"అరే, ఇంక టికెట్టే దీయలేదా? పన్నెండంటివి గదనే. మేం గా లెక్కనే అన్ని జేసుకుంటున్నం. మూడు గొట్టంగ పాడె లేపుదమనుకుంటున్నం."

నేను చేయి ఊపాను, చెప్పమని. రాజేశం నోరు తెరిచాడు. వచ్చిన మాట ఇది: "అస్తున్న బావా. జల్దినే అస్త. జర ఆగుండ్రి."

"జర అంటే ఎంతనే? పెండ్లికి గూడ జర ఆగుమనే అన్నవ్. గంప మోసింది ఎవలు?"

రాజేశం ఫోన్ బల్ల మీద పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు. ఇక తప్పదని నేను తీసుకున్నాను.

"నర్సయ్యా, నేను సూరత్‌ల టికెట్లు జేసే ముసలిదాన్ని. రాజేశంకు టికెట్ నేనే జేసిన. మీ వాకిట్లకు రాత్రి తొమ్మిదిన్నరకు వస్తడు. నువ్వు పది అనుకో."

"రాత్రి పదా? గది ఇమానమా, ఎడ్లబండా?"

"ఇమానానిది గంటన్నరే. మనిషిది గంటన్నర గాదు. ఇను. ఈడికెల్లి ఇమానం కాడికి ఆటోల గంట. రెండు గంటలు ముందుగాల లోపలుండాలె, లేకుంటే ఎక్కనియ్యరు. ఇమానమే మూడింటికి. దిగేసరికి నాలుగున్నర దాటుతది. దిగేది శంషాబాద్‌ల, మీ ఊరు పట్నానికి అవతలి దిక్కు. పట్నం దాటి, సిద్దిపేట దాటి, సిరిసిల్ల దాటి మీ ఊరికి రావాలె. బస్సులు మారుకుంట వస్తే ఎంతయితదో నీకే ఎరుక."

"గట్లయితే పొద్దుగూకుతది గదవ్వా. మా ఇండ్లల్ల పొద్దుగూకినంక లేపరు." గొంతు తగ్గించి అన్నాడు: "ఈడ పాలోళ్ల పిలగాడున్నడు. తల్లిగారి చీర ఆయన గప్పుతడు తియ్యి. రాజేశంను నిమ్మలంగ దినాలకు రమ్మను."

మెట్టు మీద రాజేశం తల ఎత్తలేదు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. నాకు ఏడ్చేవాళ్లను ఓదార్చడం చేతకాదు. పని చేయడమే తెలుసు.

"గంప ఆయనే వట్టె, చీర గూడ ఆయనే గప్పితే ఈయన తమ్ముడెందుకు నర్సయ్యా? ఆ బిడ్డకు తల్లిగారిల్లంటే ఇంకెవలున్నరు?"

"నువ్వనేది నిజమే. గని వస్తడని నమ్మకమేంది? ఈ సూరత్ వోళ్లు ఏడున్నా వస్తున్నమనే అంటరు. రాత్రంత పెట్టుకొని కూసున్నంక, తెల్లారి గూడ వస్తున్ననే అంటే మేం ఏం జెయ్యాలె?"

"ఈ నంబరు వెట్టుకో. ఇమానం కదలంగనే నేను ఫోన్ జేస్త. దిగంగనే జేస్త. ఆలస్యమయితే నువ్వడగకముందే జెప్త. నేను జెప్పినట్టు గాకుంటే, తెల్లారి మీరు ఎవలితోనన్న కప్పిచ్చుకోండ్రి."

నర్సయ్య ఫోన్‌కు చేయి అడ్డం పెట్టినట్టున్నాడు, ఎవరితోనో మాట్లాడాడు. గొణుగుడు వినిపించింది. తరువాత, "మరి ఫ్రీజర్ డబ్బా తెప్పియ్యాలె," అన్నాడు.

"తెప్పియ్యి."

"రాత్రి పది. పక్కానా?"

"పది."

"సరే. తెల్లారి లేపుతం. పది దాకా ఎవలు పండుకోరు, ఎదురుసూస్తం." ఫోన్ పెట్టేశాడు.

రాజేశం లేచి నా చేయి పట్టుకోబోయాడు. "ఎందుకు, ఇంక ఆడ అడుగు వెట్టలేదు," అన్నాను. "పోయి తానం జేసి రా. పద్మను చీర తెమ్మను."

గంటలోపే ఇద్దరూ వచ్చారు. అతని భార్య పద్మ నెత్తి మీద మూట. సూరత్ నుంచి ఊరికి పోయే మా వాళ్ల అలవాటు అది. రంగు పడని కోరా బట్ట ముక్కను నేల మీద పరచి ఉన్నవన్నీ అందులో పెట్టి నాలుగు కొసలూ ముడివేస్తారు. ఈ మూటలో అక్క అత్తవైపు వాళ్లందరికీ చీరలు, తువ్వాళ్లు, పిల్లలకు లాగులు. బస్సుకైతే ఏ ఇబ్బందీ లేదు, మీదికి విసిరేస్తారు. విమానంలో అంత పెద్దది చేతిలో పట్టుకుని ఎక్కనివ్వరు. కౌంటర్‌లో ఇచ్చేయాలి, దాన్ని చెక్-ఇన్ బ్యాగేజీ అంటారు. దిగాక అది పట్టా మీద తిరుగుతూ వచ్చేదాకా నిలబడాలి. ఒక్కోసారి ఆ రోజు రాను కూడా రాదు.

"ఏందే ఇదంత? పెండ్లికి వోతున్నడా?" అన్నాను.

"ఊకె చేతులూపుకుంట ఎట్ల వోతడవ్వా? నలుగురు ఏమనుకుంటరు?"

"గా నలుగురి బట్టలు దినాలనాడు నువ్వు బస్సుల తీస్కపో. ఈయన చేతిల ఒక్క చీరనే ఉండాలె. ఏది?"

ఆమె మూట ముడి విప్పింది. పైనే ఉంది. ప్లాస్టిక్ కవరులో ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. మడత కూడా విప్పలేదు.

"బతుకమ్మకు కొన్నమవ్వా," అంది పద్మ. "ఏడాది తప్పకుంట ఈయన పోయి ఇచ్చి వస్తుండె. ఈసారి సేఠ్ పోనియ్యలేదు. దీపావళికి ఇద్దమని గట్లనే పెట్టిన."

రాజేశం ఆ కవరు మీద చేయి వేసి తీయలేదు. ఇరవై ఏళ్లుగా అతను నేసేదంతా కోరా బట్టే. ఆ బట్ట కార్ఖానా నుంచి మిల్లుకు పోయి అక్కడ రంగు పడుతుంది. ఏది ఎవరి ఒంటి మీదికి పోయిందో నేసినవాడికి తెలియదు. ఈ ఒక్కటి ఎవరికో తెలుసు.

"సంచిల వెట్టు," అన్నాను. "ఆ సంచి ఒళ్లో వెట్టుకో, పైన పెట్టకు. ఇగ జేబులు ఖాళీ జెయ్యి."

అతనికి అర్థం కాలేదు. జేబులోంచి తీసిన సామాను బల్ల మీద వరుసగా పెట్టించాను. దారం తెంపే చిన్న కట్టరు, పోగులు లాగే కొక్కెం, అగ్గిపెట్టె. సాంచాలు నడిపేవాళ్లకు ఆ కట్టరు వేలితో సమానం. స్నానానికి పోయి చొక్కా మార్చినా అది కొత్త జేబులోకి వచ్చి పడుతుంది, వాళ్లకే తెలియదు. సెక్యూరిటీ దగ్గర, అంటే ఒళ్లూ సంచీ తనిఖీ చేసే చోట, అది బయటపడుతుంది. అదేమిటి, ఎందుకని హిందీలో అడుగుతారు. వీళ్లు కంగారుపడతారు. వెనక లైను పెరుగుతుంది. అందుకే విమానం ఎక్కేవాళ్ల జేబులు నేను ఇక్కడే ఖాళీ చేయిస్తాను. ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో వేసి ఉంచితే తిరిగి వచ్చాక తీసుకుంటారు.

"ఖాళీ సీసా ఒకటి తీస్కపో. లోపల నల్లా ఉంటది, నింపుకో. ఆడ నీళ్లు గొనకు, మన దగ్గర బిర్యానీ ధర వెడ్తరు," అన్నాను. పద్మ చేసి తెచ్చిన రొట్టెలు సంచిలో పెట్టించాను. "ఎక్కినంక తలుపు మూసి చానసేపు కదలదు. పాడయ్యిందనుకొని లేవకు. కదిలినంక ఉరుకుతది. భయపడకు."

"నువ్వెక్కినవా అవ్వా?" అన్నాడు. పొద్దుటి నుంచి అతని మొహంలో మొదటిసారి కాస్త మనిషి కనిపించాడు.

"ఎక్కినోళ్లను అడిగిన," అన్నాను. నా కమీషన్ తీసుకున్నాను. పని పనే. ఆటో ఎక్కించి పంపాను.

మూడు కావస్తుండగా అతని ఫోన్ వచ్చింది. "అవ్వా, ఇంక ఇమానమే రాలేదు. ఆలస్యమంటున్నరు. నేనేం జెయ్యాలె?"

మా పనిలో ఇది మామూలు. ఇక్కడి నుంచి పోయే విమానం ఇక్కడ పుట్టదు. ఎక్కడి నుంచో వచ్చి, దిగేవాళ్లు దిగాక మనల్ని ఎక్కించుకుని పోతుంది. దాన్ని ఇన్‌కమింగ్ అంటారు. అది ఆలస్యమైతే ఇదీ ఆలస్యమే. అందుకని బోర్డు మీద ఏం రాశారన్నది కాదు, రావలసిన విమానం ఎక్కడుందో చూడాలి. రజిత చూసింది. అది అప్పుడే గాల్లోకి లేచిందట. ఇక్కడ దిగేసరికి ముప్పావు గంట, మళ్లీ జనాన్ని ఎక్కించుకునేసరికి ఇంకాస్త.

రాజేశంతో, "ఆడనే కూసో, ఎటు వోకు," అని చెప్పి ఆ క్షణమే నర్సయ్యకు చేశాను. తిడితే పడదామనుకున్నాను.

"నర్సయ్యా, ఇమానం గంట ఆలస్యమయితది. పదిగాదు, పదకొండు అనుకో."

తిట్టలేదు. "ముందుగాల జెప్పినవ్ గదవ్వా, మంచిదే," అన్నాడు. తరువాత ఆయనే అన్నాడు: "ఒక్కడు గంత రాత్రి బస్సులు మారుకుంట ఏం వస్తడు. మా పెద్దోన్ని కారిచ్చి తోలుతున్న. శంషాబాద్‌ల దిగేసరికి బయట నిలవడుతడు. కారు నంబరు పంపుత, రాజేశంకు జెప్పు."

పొద్దున ఆ మనిషే 'దినాలకు రమ్మను' అన్నాడు. ఇప్పుడు ఆ మనిషే కారు పంపుతున్నాడు. నడుమ నేను చేసిందల్లా ఉన్న మాట ఉన్నట్టు చెప్పడమే. పన్నెండింటికి వస్తాడనుకున్నంత సేపు వాళ్లు చేయగలిగింది గుమ్మం వైపు చూడటం ఒకటే. రాత్రికి గానీ రాడని తెలిశాక ఫ్రీజర్ తెప్పించారు, పొద్దున్నే లేపాలనుకున్నారు, కారు మాట్లాడారు. ఎంత దూరమో తెలిసిన మనిషి ఎదురు వస్తాడు. తెలియని మనిషికి మిగిలేది కోపమే.

విమానం కదిలినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి ఫోన్ చేశాను. కారులో కూర్చున్నాడని విన్నాక దుకాణం మూసి ఇంటికి పోయాను. ఆపైన సంగతి నా పని కాదు.

పెద్దకర్మ అయ్యాక రాజేశం, పద్మ బస్సులో తిరిగి వచ్చారు. ఆమె నేరుగా గదికి పోయింది. అతను సంచీ భుజాన ఉండగానే నా దగ్గరికి వచ్చాడు. గుండు మీద కొత్త వెంట్రుకలు ముల్లు ముల్లుగా లేస్తున్నాయి.

"నా కట్టరు, అవ్వా."

బిస్కెట్ డబ్బా తీసి ముందు పెట్టాను. వెతికి తనది తీసుకున్నాడు కానీ జేబులో వేసుకోలేదు. చేతిలోనే తిప్పుతూ నిలబడ్డాడు.

"అందినవా?" అని అడిగాను. అందాడని ఫోన్‌లో నర్సయ్య ఎప్పుడో చెప్పాడు. కానీ మనిషి నోట వినాలి కదా.

"పదకొండు అన్నవ్ గదా. పది దాటంగనే వోయిన. వాకిలంత మంది. ఎవలు పండుకోలె. ఎందుకు ఆలస్యమైందని ఒక్కలు అడగలె అవ్వా. దారి ఇడిసిండ్రు, అంతే." చేతిలోని కట్టరు వైపు చూశాడు. "తెల్లారి తానం పోసినంక, తల్లిగారి చీర దెమ్మన్నరు. కవర్లకెల్లి దీసిన. ధర చీటి ఇంక అంచుకే ఉన్నది, దారం కట్టి. అక్క మీద ధర చీటితోని ఎట్ల గప్పాలె? కట్టరు కోసం జేబుల చెయ్యి వెట్టిన. లేదు. నీ డబ్బల ఉన్నది గద."

"మరి?"

"పండ్లతోని తెంపిన."

కట్టరు జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం పాళీకి టైమవుతోందని పోయాడు.

ఈ పని నేను మానేదాకా ఆ రోజు నాకు గుర్తుంటుంది. ఇప్పటికీ జనం అదే అడుగుతారు. కుర్రవాళ్లు ఫోన్ పైకెత్తి చూపించి మరీ అడుగుతారు: "అమ్మమ్మా, హైదరాబాద్ గంటా ముప్పై అయిదే కదా?" అవునంటాను. విమానానికి అంతే పడుతుంది, దానితో నాకు పేచీ లేదు. కానీ టికెట్ మాట ఎత్తే ముందు నేను వాళ్లను ఒకటి అడుగుతాను, పెళ్లికి పోతున్నా, ఆస్పత్రికి పోతున్నా, ఊరికే పోతున్నా సరే.

"ఆడ నీ కోసం ఎవలు కూసున్నరు?"

పేరు చెబుతారు. అమ్మనో, అన్ననో, ఇంకెవరినో.

"ముందు వాళ్లకు ఫోన్ జెయ్యి. నేను జెప్పిన టైమ్ జెప్పు, నీ ఫోన్ జెప్పింది గాదు. టికెట్ తరువాత."